నీలం మఫ్లర్

ఇంకా చీకటి వీడకముందే గైడు ఐదుగురిని వెంటబెట్టుకుని పొలం గట్టెక్కాడు. అందరి మెడల్లో బైనాక్యులర్లు, అందరి కళ్లల్లో నిద్ర. రిటైరైన టీచరమ్మ ఒక్కతే కళ్లు విప్పార్చుకుని గైడునే చూస్తోంది.

“నీలిమెడ పిట్ట కోసం మీ వెంట ఎన్నిసార్లు వచ్చామో. ఇవాళా కనపడకపోతే మావాళ్లు వేరే గైడును చూసుకుంటామంటున్నారు,” అందావిడ. “అసలు మీరైనా చూశారా దాన్ని?”

“భలేవారే, లెక్కలేనన్ని సార్లు చూశాను.”

పచ్చి అబద్ధం. ఇరవై ఏళ్లుగా ఆ పిట్ట కోసం గైడు తిరగని తుప్ప లేదు. దాని ఈక కూడా కంటపడలేదు. పుస్తకంలో బొమ్మ, ఎవరో రికార్డు చేసిన కూత, ఆయనకు దక్కింది అంతే. చచ్చేలోగా ఒక్కసారి చూస్తే చాలనుకునేవాడు.

అందుకే ఈసారి బామ్మర్దిని రంగంలోకి దింపాడు. ఈల వేయడంలో వాడు ఘనుడు. కూర్చోబెట్టి ఆ కూత నేర్పించాడు. “నేను బసకు వెళ్లి వాళ్లను తీసుకొస్తాను. నువ్వు ఇంటి నుంచి నేరుగా వచ్చి వాగు పక్క పొదలో నక్కు. నేను దగ్గితే ఆపెయ్,” అని రాత్రే చెప్పి ఉంచాడు.

వాగు దగ్గరికి రాగానే పొదలోంచి కూత వినిపించింది. మూడు పొట్టివి, చివర ఒక పొడుగుది.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. టీచరమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. గైడుకు పాపం అనిపించింది. అయినా బామ్మర్ది పనితనానికి లోలోపల పొంగిపోయాడు.

“దగ్గరికెళ్లి చూద్దాం పదండి,” అందావిడ.

గైడు గబుక్కున ముందుకొచ్చాడు. “వద్దమ్మా, బెదిరిపోతుంది,” అని చేతులు అడ్డం పెట్టి, దగ్గాడు.

కూత ఆగలేదు. మళ్లీ దగ్గాడు. అది ఇంకా జోరందుకుంది. వీడికి ఏదీ మితంగా చేయడం రాదు కదా అని గైడు పళ్లు నూరాడు. చెప్పు సవరించుకుంటున్నట్టు వంగి, గులకరాయి తీసి, ఎవరూ చూడకుండా పొదలోకి విసిరాడు.

టపటపమని చప్పుడైంది. కూత ఆగిపోయింది.

“నీలంగా కదిలింది, నేను చూశాను,” అంది టీచరమ్మ.

గైడు నవ్వు దాచుకోవడానికి ముఖం అటు తిప్పుకున్నాడు. బామ్మర్ది చలికి చుట్టుకునే మఫ్లరు నీలం రంగుదే.

తిరుగుదారిలో అందరూ ఆయన చేతులు పట్టుకుని ఊపేశారు. ఇక వేరే గైడు మాటే లేదన్నారు. వ్యాను ఎక్కుతుండగా ఇంటి నుంచి భార్య ఫోన్ చేసింది.

“ఏవండీ, తెల్లారకముందే లేపమని మా తమ్ముడు రాత్రి చెప్పాడు, నేనే మర్చిపోయి నిద్రపోయాను, వాడింకా ముసుగుతన్ని పడుకునే ఉన్నాడు, ఇప్పుడు లేపనా?”