కదపని మట్టి

గొయ్యిని పడమటి వైపు ఇంకో రెండు మీటర్లు పెంచమని అపూర్వ అనగానే సోమరాజు మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు.

"అటుపక్క ఏముంటాది మేడమ్, ఉత్త ఇసక. పార అరగడం తప్ప లాభం లేదు."

"గోడ అటే పోతోంది కదండీ. తవ్వి చూద్దాం."

"మీ ఇష్టం. కరోనాకి ముందు కూడా ఆ పక్క మా పార తగల్లేదు. అది కదపని మట్టి."

ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లెవరు? బహ్రెయిన్‌లో అవాలి ఊరు దాటాక ఎడారిలో బయటపడ్డ ఈ నాలుగువేల ఏళ్ల నాటి ఊరిని కరోనాకు ముందు తవ్వినవాళ్లలో ఇప్పుడు మిగిలింది సోమరాజు ఒక్కడే. అప్పుడు పాతిన గుంజలు ఎప్పుడో ఊడిపోయాయి. పాత గొయ్యి ఎక్కడిదాకా వచ్చిందో ఆయన కాలితో గీసి చూపించిందే హద్దు. తవ్వకం చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అపూర్వ అయినా, కూలికి వచ్చిన జీవరాజు అయినా ఆ గీతనే నమ్మాలి.

జీవరాజు పార తీసుకుని దిగాడు. నిజానికి అతను బహ్రెయిన్ వచ్చింది పాత ఊళ్ల కోసం కాదు, తమ్ముడి కోసం.

తమ్ముడు బెన్‌హర్ ఇక్కడే, ఇదే పనిలో ఉండేవాడు. కరోనాకు ముందు, తవ్వకం ఆపేసే రోజుల్లో ఇంటికి ఫోన్ చేశాడు. "ఇక్కడ దొరికిన సామాన్ దొంగతనంగా బయటికి పోతోందన్నయ్యా. ఎవరో తెలిసింది. రేపు ఆఫీసులో చెప్పేస్తా." అంతే, మళ్లీ వాడి గొంతు వినలేదు. పారిపోయాడని రాసేసి కంపెనీ చేతులు దులుపుకుంది. జీవరాజు విమానం ఎక్కేముందు వాడి పెళ్లాం సుందరి చేతులు పట్టుకుని ఏడ్చింది. "నాకు మొగుడున్నాడో లేడో, అదొక్కటి తెలుసుకుని రండి బావగారూ."

సోమరాజు మాత్రం మొదటినుంచీ సొంతవాడిలా ఆదరించాడు. "ఈ ఎండలో నీకీ పనెందుకు తమ్ముడూ, సల్మాబాద్‌లో గ్యారేజీలో పెట్టిస్తాను రా" అని ఎంత బతిమాలాడో! వద్దంటే నొచ్చుకున్నాడు కూడా. శుక్రవారం తెలుగు ప్రార్థన కూటంలో బెన్‌హర్ పేరెత్తి మోకాళ్ల మీద ప్రార్థించేవాడు. వాణ్ణి సౌదీలో ఎవరో చూశారట అని ధైర్యం చెప్పేవాడు.

పని నేర్పిందీ ఆయనే. "తవ్వకం ఆపేటప్పుడు గొయ్యిని మళ్లీ పూడ్చెయ్యాలోయ్, లేకపోతే గోడలు పాడైపోతాయి. పూడ్చేముందు అడుగున మన రూపాయి బిళ్ళ ఒకటి పడేస్తా. తర్వాత తవ్వేవాడికి అది తగిలితే, దాని పైనున్నదంతా మేం పోసిన మట్టేనని తెలిసిపోద్ది. రూపాయి వేసే మేస్త్రి ఈ దేశం మొత్తానికి నేనొక్కణ్ణే!" అని నవ్వేవాడు.

తవ్వుతుంటే జీవరాజుకు తేడా తెలిసింది. "ఇటు మట్టి ఇంత వదులుగా ఉందేంటి మేస్త్రిగారూ?"

"ఇసక నేల. అలాగే ఉంటాది."

మధ్యాహ్నం దాటాక తాపీ కింద ఏదో గుండ్రంగా తగిలింది. కుంచెతో మట్టి తోశాడు. పుర్రె!

జీవరాజు 'ప్రభువా, వాడు కాకూడదు' అనుకున్నాడు. అపూర్వను కేక వేశాడు. ఆమె గోతిలోకి దూకినంత పని చేసింది. ఇద్దరూ కూర్చుని మట్టి తీశారు. పక్కకు తిరిగి, మోకాళ్లు గుండెకు ముడుచుకుని పడుకున్న మనిషి. తలదగ్గర చిన్న ఎర్ర కుండ. చొక్కా గుండీ గానీ, గుడ్డపీలిక గానీ లేవు.

"చూశారా!" అపూర్వ ముఖం వెలిగిపోయింది. "ఆ కాలంవాళ్లు చనిపోయినవాళ్లని ఇలాగే ముడిచి పడుకోబెట్టేవాళ్లు. పక్కన కుండ పెట్టేవాళ్లు. అయితే సమాధులు ఊరి బయట దిబ్బల్లో ఉండాలి. ఇళ్ల మధ్య దొరకడమే వింత!"

"ఇది... ఎప్పటిది మేడమ్?"

"ఆ కాలపు కుండ, కదపని మట్టి. పరీక్షకి పంపిద్దాం గానీ, నాకైతే అనుమానం లేదు. నాలుగువేల ఏళ్లవాడు."

జీవరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు కాదు! ఎక్కడో బతికే ఉన్నాడు. సౌదీలోనే ఉన్నాడేమో, ఎవరికి తెలుసు! ఈ రాత్రికి సుందరితో నాలుగు మంచి మాటలు చెప్పొచ్చు. "దేవుడికి స్తోత్రం" అని పైకే అనేశాడు.

"ఆమెన్" అన్నాడు గట్టు మీద నుంచి సోమరాజు. ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఎండ దిగిపోయి చాలాసేపయింది.

కెమెరా కోసం అపూర్వ రోడ్డు మీదున్న కారు దగ్గరికి నడిచింది. మిగతా కూలీలు అప్పటికే క్యాంపు బస్సెక్కారు.

"యల్లా, ఇక చాల్లే తమ్ముడూ, పైకి వచ్చెయ్" అన్నాడు సోమరాజు. "మిగతాది నేను చూసుకుంటా."

"ఒక్క నిమిషం మేస్త్రిగారూ. ఫొటో తీస్తారు కదా, కాస్త శుభ్రం చేసి వస్తా."

"వద్దన్నానా!"

ఆయన గొంతులో అంత కరుకుదనం ఎప్పుడూ వినలేదు. అలిసిపోయాడు పాపం అనుకున్నాడు జీవరాజు. వెనక మట్టి జారిన చప్పుడైంది. సోమరాజు గోతిలోకి దిగుతున్నాడు.

జీవరాజు తల తిప్పలేదు. ఎన్నాళ్లకో ఇవాళ మనసు తేలికపడింది. కూనిరాగం తీస్తూ ముందుకు వంగాడు.

కుంచె రెండుసార్లు ఆడేసరికి, ఆ నాలుగువేల ఏళ్లవాడి తుంటి ఎముక కింద నుంచి రూపాయి బిళ్ళ బయటపడింది.