ఎడమ భుజం

"ఏం కోటు కుట్టినావప్పా ఇది? ఎడమ భుజం ఇట్ల జారిపోయి ఉండాదే!"

మోహన్‌కృష్ణ అరిచిన అరుపుకు కల్యాణ మండపం మేడ మీద గదిలో ఉన్న చుట్టాలు ఒక్కొక్కరే చల్లగా బయటికి జారుకున్నారు. మిగిలింది ముగ్గురు. అద్దం ముందు కొత్త సూటులో మోహన్‌కృష్ణ, పక్కన ఆయన భార్య ఉదయలక్ష్మి, గుమ్మం దగ్గర మెడలో టేపుతో టైలర్ గుణశేఖర్. తెల్లవారితే మోహన్‌కృష్ణ కొడుకు పునీత్ పెళ్లి. ఈ వైపు ముహూర్తానికి ముందు రోజు సాయంత్రమే రిసెప్షన్ కదా, కింద నాదస్వరం అప్పుడే మొదలైంది.

తిరుపతిలో గుణశేఖర్ కుట్టుమిషన్ ఉన్న కొట్టు మోహన్‌కృష్ణదే. ఈ మనిషి 'ఖాళీ చెయ్' అన్నాడంటే మిషన్ వీధిలో ఉన్నట్టే.

"నిన్న ట్రయల్ వేసినప్పుడు సరిగ్గానే ఉండింది కదన్నా" అన్నాడు మెల్లగా.

"అంటే ఏంది? ఒక్క రోజులో నా భుజం కరిగిపోయిందా?"

నిన్న మాత్రం బ్రహ్మాండంగా ఉంది. కోటు భుజం మనిషి భుజం దగ్గరే ఆగింది. చేతుల చివర చొక్కా అరంగుళం కనబడింది. పొట్ట కనబడలేదు. గుణశేఖర్‌ది ఆఖరి పరీక్ష ఒకటుంది. కొండ మీద భక్తుల్లా రెండు చేతులూ పైకెత్తి 'గోవిందా' అనమంటాడు. చేతులు దించాక కోటు తన చోటికి తాను వచ్చి కూర్చుంటేనే ఇంటికి పంపుతాడు. నిన్న మోహన్‌కృష్ణ మూడుసార్లు గోవిందా కొట్టాడు. కోటు బుద్ధిగా కూర్చుంది. ఉదయలక్ష్మి అయితే దిష్టి తియ్యాలని కూడా అంది.

"చెయ్యి చూడు, ఎడమది వేళ్ల దాకా వచ్చేసింది. కాజాలు కూడా చిన్నవి చేసినావు. గుండీ దూరి చావదే!"

గుణశేఖర్ పరుగున వచ్చి గుండీ పెట్టాడు. సులువుగా దూరింది. టేపు తీసి రెండు చేతులూ కొలిచాడు. కుడిది ఇరవై నాలుగున్నర, ఎడమదీ ఇరవై నాలుగున్నర. మళ్లీ కొలిచాడు. అంతే. అతని కంటికి శుక్లాల ఆపరేషన్ అయి మూడు నెలలు. కన్ను మోసం చేస్తోందా? ఇక కత్తెర పట్టే రాత లేదా?

మోహన్‌కృష్ణ అద్దం దగ్గరి నుంచి రెండడుగులు వేసి తూలాడు. ఎడమ ప్యాంటు అంచు బూటు కింద పడింది.

"ప్యాంటు కూడానా! కాలికి అడ్డం పడతా ఉండాది!"

"పసుపు పెట్టకుండానే తొడుక్కున్నాడు, అందుకే ఇట్లయింది" అంటూ ఉదయలక్ష్మి కుంకుమ భరిణె పక్కనున్న పసుపు తీసి కాలరు లోపల అద్దింది. తర్వాత గుణశేఖర్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మధ్యాన్నం కునుకు తీసి లేచినప్పట్నుంచీ ఇదే వరస. ఎవరినో ఒకర్ని తిడతానే ఉండాడు. నువ్వేమీ అనుకోవద్దప్పా."

గుణశేఖర్ కోటు తీసి హ్యాంగర్‌కు తగిలించాడు. రెండు భుజాలూ సమంగా నిలిచాయి, తక్కెడ పళ్లేల్లా. తెచ్చి మళ్లీ తొడిగాడు. ఎడమది జారింది. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాడు. హ్యాంగర్ మీద ఒకలా, మనిషి మీద ఒకలా ఉండే కోటును ఎప్పుడూ చూడలేదు.

అంతలో పెళ్లికొడుకు పునీత్ తలుపు తోసి తొంగి చూశాడు. "నాయనా, ఫొటోలకు పిలుస్తా ఉండారు. బిన్నా రా, టైమైపోతా ఉండాది."

మోహన్‌కృష్ణ కొడుకును చూసి నవ్వాడు. నవ్వు మూతికి ఒక పక్కనే వచ్చింది. 'నన్ను చూసే ఈ వెటకారం. నా పని అయిపోయింది' అనుకున్నాడు గుణశేఖర్.

పునీత్ వెళ్లిపోగానే మోహన్‌కృష్ణ ఇటు తిరిగాడు. "రేపట్నుంచి... నీ కొట్టు..." మాట ముద్దముద్దగా వచ్చింది, నోట్లో వక్కాకు ఉన్నట్టు.

"అంత కోపం వద్దన్నా, నీ కాళ్లు పట్టుకుంటా!" గుణశేఖర్ సంచిలోంచి కత్తెర తీశాడు. "పది నిమిషాలియ్యి. ఎడమ భుజం కుట్లిప్పి, లోపల ఇంకొంచెం దూది కూరి ఎత్తు చేస్తా. ఒక్కసారి గోవిందా కొట్టు, ఎంత జారిందో చూసుకుంటా."

మోహన్‌కృష్ణ విసుగ్గా రెండు చేతులూ ఎత్తాడు. ఎత్తాననే అనుకున్నాడు. అద్దంలో కుడి చెయ్యి ఒక్కటే పైకి లేచింది.

"ఇంకో చెయ్యన్నా."

"ఎత్తినాను కదరా!"

గుణశేఖర్ చేతిలోని కత్తెర కింద పడింది. అతను ఒక్క ఉదుటున వెళ్లి మోహన్‌కృష్ణను నడుం దగ్గర పట్టుకున్నాడు.

"వదినా, అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి! కోటుకేం కాలేదు... అన్నకు పక్షవాతం వస్తా ఉండాది!"