తన్నే గేరు

"ఇది నేను చెప్పిన ఆయిల్ కాదు."

కారు దిగుతూనే సత్యశ్రీ అన్న మాటకి త్రినాథరావు గతుక్కుమన్నాడు. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకున్నాడు.

"అదేనమ్మా. నాను నా సేతుల్తో పోసినాను."

"కాదు."

దువ్వాడ స్టేషన్ రోడ్డులో అతని షెడ్డు. ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పడంలో ముప్పై ఏళ్ల పేరు. రిపేరు పూర్తయిన కారు డ్యాష్‌బోర్డు మీద నిండు టీ గ్లాసు పెట్టి, ఓ చుట్టు తిప్పి, చుక్క ఒలక్కుండా తెచ్చి ఇవ్వడం అతని అలవాటు. గేరు పడిన సంగతి లోపల కూర్చున్నవాళ్లకి తెలియకూడదు. పనితనమంటే అదీ.

ఈ అమ్మాయికి సరిగ్గా అదే అక్కర్లేదట!

ఉక్కునగరంలో డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆమెది. ఆ పాత జపాన్ కారులోనే రోజూ ఆఫీసుకి వెళ్తుంది. దాన్నే ఊరి బయట వాడకంలో లేని రన్‌వే మీద డ్రాగ్ పందేలకీ తీసుకెళ్తుంది. రెండేసి కార్లు, పావు మైలు తిన్నని పరుగు. పదమూడు సెకన్లలో తేలిపోవాలి. రేపు ఆదివారం ఫైనల్. పోయినేడు అదే ఫైనల్లో మీటరు తేడాతో ఓడింది. ఈసారీ ఓడితే కారు అమ్మేసి ఇక ఆ జోలికి వెళ్లనని ఇంట్లో మాటిచ్చింది.

గేరుబాక్సులో పోసే ఆయిల్‌లో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. మెత్తనిది పోస్తే గేరు జారినట్టు పడుతుంది. గట్టిది పోస్తే లోపలి క్లచ్చులు ఒక్క పట్టున పట్టేసి, వీపు మీద తన్నినట్టు పడుతుంది. ఆమె గట్టిదే పొయ్యమంది.

"రోజూ రోడ్డు మీద తిరిగే బండమ్మా ఇది. ట్రాఫిక్‌లో గేరు గేరుకీ తంతాది. సక్రాలు తిప్పే షాఫ్టు ముసిల్ది, పుటుక్కుమంటే ఇంకోటి ఎక్కడ దొరుకుతాది?" అని మొన్ననే చెప్పి చూశాడు.

"నాకు తన్నాలి బాబాయ్!"

షెడ్డంతా అదిరిపోయేలా అంది. చదువుకున్న పిల్లకి ఆ గొంతేమిటో! ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మొహంలోకి గుచ్చి గుచ్చి చూడటం ఒకటి. అటు తిరిగి ఉన్నప్పుడు పిలిస్తే పలకదు. పొగరు, వట్టి పొగరు అనుకున్నాడు త్రినాథరావు. ఆమె అటు వెళ్లగానే మెత్తనిదే పోసేశాడు. గేరుబాక్సుల సంగతి తనకంటే ఈమెకి తెలుసా? షాఫ్టు మిగిలితే తర్వాత తనకే దండం పెడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

తీరా చూస్తే, స్టేషన్ దాకా తోలి వచ్చేసరికే ఆమె కనిపెట్టేసింది.

"రెండు కిలోమీటర్లు తోల్లేదు. అంతలో నీకెలా తెలిసిందమ్మా?" నోరు జారాడు.

"వీపుకి తెలిసింది."

సిగ్గుతో చచ్చిపోయాడు త్రినాథరావు. ముప్పై ఏళ్లలో అతని మాట అబద్ధమని తేల్చినవాళ్లు లేరు.

"మార్సేత్తాను. షాఫ్టు ఇరిగితే మాత్రం నన్ననొద్దు."

ఆమె తలూపి గేటు వైపు నడిచింది. ఆటోమేటిక్ అయినా పందెంలో గేర్లు లీవరు పట్టుకుని చేత్తోనే మారుస్తారు. ఆ మాట గుర్తొచ్చి వెనక నుంచి కేకేశాడు.

"మూడోది తొందరపడి ఎయ్యకమ్మా! ఇంజను మోత ఇని ఎయ్యి!"

తల కూడా తిప్పలేదు. అతనికి ఒళ్లు మండిపోయింది. అయినా ఈసారి మోసం చెయ్యలేదు. ఎర్రటి ఆయిలంతా ట్రేలోకి దింపి, గట్టిది పోశాడు.

ఆదివారం పదింటికల్లా, ఎవరూ పిలవకపోయినా రన్‌వే దగ్గరికి చేరుకున్నాడు. కార్లు వచ్చి ఆగే చోట, కంచె పక్కన సత్యశ్రీ తమ్ముడు గోపి కనిపించాడు.

"మీ అక్కకి పొగరు బాబూ. పిలిత్తే పలకదు."

గోపి ఏదో చెప్పబోయాడు. అంతలో అవతలి చివర లైట్లు పసుపు నుంచి పచ్చకి మారాయి.

పక్కనున్న నల్ల కారుతో పాటే సత్యశ్రీ కారు ఎగిరినట్టు కదిలింది. రెండో గేరు తన్నింది. బండి నిలువునా అదిరింది. త్రినాథరావు కళ్లు మూసుకున్నాడు. ఇరగొద్దు తల్లీ, ఇరగొద్దు. షాఫ్టుని బతిమాలుతున్నాడో, ఆ పిల్ల కోసం మొక్కుకుంటున్నాడో అతనికే తెలియదు. మూడో గేరు సరిగ్గా పడాల్సిన చోటే పడిందని మోతే చెప్పింది.

కళ్లు తెరిచేసరికి ఆమె కారూ, పక్కన నల్ల కారూ చక్రానికి చక్రం ఆనించుకున్నట్టు గీత దాటేశాయి. ఎవరు ముందో కంటికి అందలేదు. జనం మైకు వైపు తిరిగారు.

సత్యశ్రీ కారు ఆపి దిగింది. హెల్మెట్ తీసింది. జనానికి వీపు పెట్టి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

మైకు గరగరమంది. "విజేత సత్యశ్రీ! సెకనులో నూరోవంతు తేడా! సత్యశ్రీ!"

ఈలలు, కేకలు. ఆమె కదల్లేదు.

"ఇదిగో, ఇదే నానన్నది! గెలిసినా ఇటు తిరిగి సూడదు!" అన్నాడు త్రినాథరావు, పొంగుకొస్తున్న కళ్లు తుడుచుకుంటూ.

గోపి కంచె దూకి పరిగెత్తుకెళ్లి, అక్క ఎదురుగా నిలబడి, మైకు అంతసేపు అరిచినా ఆమె చెవిన పడని ఆ కబురుని రెండు చేతుల సైగలతో చెప్పాడు.