సర్వర్‌కి చల్లటి గది

"మళ్ళీ ఆగిపోయింది నీ డబ్బా," అన్నాడు లాజర్, కింది గది మెట్లెక్కి వంటగదిలోకి వస్తూ. "లోపల మాడిపోతోంది. గది ఇంకా లోపలికి తవ్వాలి."

బ్రెట్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. అడిలైడ్ నుంచి ఒపల్ అనే రంగురాళ్ళు దొరికే ఈ ఊరికి ఎడారంతా దాటి వచ్చింది ముసలాయన చేత పాఠం చెప్పించుకోవడానికి కాదు. ఆ రాళ్ళు అమ్మే లాజర్‌కి ఒక వెబ్ అప్లికేషన్ పెట్టి, దాని సర్వర్‌ని సిద్ధం చేసి పోవడానికి. అది నడిస్తే ఊళ్ళో మిగతా రాళ్ళ వ్యాపారులందరూ తననే పిలుస్తారు. నడవకపోతే తన చిన్న కంపెనీకి తాళం వేసుకోవడమే.

"అప్లికేషన్ ఎక్కించాను, డేటాబేస్ కలిపాను. ఇక బయటి జనానికి తలుపు తెరవడమే మిగిలింది," అన్నాడు. "పిట్టలు రాలిపోయే ఎండలో కూడా మీ కింది గది చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం కోసమే కదా మీ ఊళ్ళో సగం మంది ఎలుకల్లా కలుగుల్లో కాపురం ఉంటున్నది."

"ఎలుకలకి కాస్త తెలివి ఉంటుందిలే అబ్బాయ్."

"ఉంటే సర్వర్ అద్దెకి తీసుకునేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పాను?"

"నా సరుకు ఎవడి కొట్లోనో పెట్టను. నా సర్వర్ నా ఇంట్లోనే ఉండాలి." లాజర్ కాఫీ ఒక గుక్క తాగాడు. "నోలాకి మెయిల్ రాయి. గది చాలట్లేదు, వెనక గోడ ఇంకా జరపాలి అని. ఊరి లోపల పలుగు ఎత్తాలంటే కౌన్సిల్‌లో ఆవిడ సరే అనాలి. నేను రాస్తే నమ్మదు. చదువుకున్నవాడివి, నువ్వు రాస్తే నమ్ముతుంది."

బేరంలో ఎదుటివాడు మూర్ఖుడని తేలితే సగం లాభం చేతికొచ్చినట్టేనని బ్రెట్ లెక్క. వాదిస్తే పని ఆగుతుంది, రాస్తే సాగుతుంది. పోయేది మట్టే కదా. రాసి పంపాడు. కిందటిసారి కూడా ఇలాగే రాశాడు.

నోలా సరేనంది. తవ్వే యంత్రం గోడని గీరింది. లాజరే సర్వర్‌ని కొత్త మూలకి జరిపాడు. బ్రెట్ ఎప్పటిలాగే పైన వంటగదిలో కూర్చుని అమరికలన్నీ కీబోర్డు మీదే సరిచేశాడు. సర్వర్‌ని చేత్తో ముట్టుకోవడం అతని దృష్టిలో తీగలు లాగే కూలీల పని.

సైట్ తెరుచుకుంది. మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితుడు చూసి రాళ్ళు మెరుస్తున్నాయన్నాడు. అంతలోనే తెర మీద వేడి చూపించే గీత ఎర్రబడింది. సైట్ ఆరిపోయింది.

"చెప్పానా," అన్నాడు లాజర్, ఊరవేసిన మిరపకాయ నములుతూ. "ఇంకాస్త తవ్వాలి."

"గదిలో ఏమైనా కొలిమి పెట్టారా?" బ్రెట్ విసురుగా లేచాడు. "నేనే చూస్తాను."

"నీకెందుకయ్యా ఆ దుమ్ము? బట్టలు పాడైపోతాయి."

అప్పటికే బ్రెట్ మెట్లు దిగుతున్నాడు. గది బావి అడుగులా చల్లగా ఉంది. సర్వర్ మాత్రం పెనంలా కాలుతోంది. ఫోన్ లైటు వేసి వెనక్కి వంగాడు. వేడిగాలి బయటికి పోయే కన్నంలో ఏదో బూడిదరంగు గుడ్డ. లాగాడు. ఉన్ని మేజోడు. పక్క కన్నంలో దాని జత.

బ్రెట్‌కి నవ్వొచ్చింది. సర్వర్ మీద మేజోళ్ళు ఆరబెట్టుకునే మొహానికి వెబ్ అప్లికేషన్ ఒకటి. కానీ వాటిలో తడి లేదు. కూరి కూరి పెట్టినట్టున్నాయి. నవ్వు ఆగింది. లైటు పైకెత్తాడు. కొత్తగా గీరిన గోడలో అడ్డంగా వేలెడు మందాన ఒక చార. లైటు కదిపితే ఆకుపచ్చ, నీలం, మధ్యలో నిప్పురవ్వలు.

"ఇన్నాళ్ళకి గోడ కనిపించిందా," అంది వెనక నుంచి లాజర్ గొంతు. "అడిలైడ్‌లో చాలామందిని అడిగాను. సర్వర్‌ని దగ్గరుండి చూసుకుంటామన్న వాళ్ళని వద్దన్నాను. ముట్టుకోనన్నవాడివి నువ్వొక్కడివే."

"ఊరి లోపల ఒపల్ తవ్వకూడదని రోడ్డు మీద బోర్డే ఉంది."

"ఒపల్ ఎవరు తవ్వారు? సర్వర్‌కి గది తవ్వుకున్నాను. కావాలంటే నీ మెయిళ్ళు చూడమను."

బ్రెట్ లెక్క మళ్ళీ వేసుకున్నాడు. మూర్ఖుడెవరో తేలిపోయింది. అయినా మేజోళ్ళు తన చేతిలోనే ఉన్నాయి. "సైట్ నడవనివ్వండి. ఊళ్ళో అందరికీ నా పేరు చెప్పండి. లేదంటే ఇవి తీసుకెళ్ళి నోలాకి చూపిస్తాను."

"చూపించు. గది కొలతలు చూడ్డానికి ఇప్పుడే వచ్చింది. పైన కాఫీ తాగుతోంది."

బ్రెట్ ఒక్క ఉదుటున మెట్లెక్కాడు. మేజోళ్ళు ఆమె ముందు బల్ల మీద పడేసి, గోడలోని చారతో సహా అంతా చెప్పాడు. నోలా ఒక మేజోడుని రెండు వేళ్ళతో ఎత్తి, వెలుగులో తిప్పి చూసి, దాని జత పక్కనే జాగ్రత్తగా పెట్టింది.

"ఆ తలుపు వేసి రా," అంది. "మా పడకగది వెనక కూడా ఒక సర్వర్ పెట్టాలి. అప్లికేషన్ నడవకపోయినా పరవాలేదు. మేజోళ్ళు నేనే ఇస్తాను."