మంగళవారం నాలుగింటికి

తలుపు తట్టింది నా విద్యార్థి తల్లి. అతను రోడ్డు ప్రమాదంలో పోయి పన్నెండు రోజులైంది.

నాయకత్వ శిక్షణ కోసం యూనివర్సిటీ అతన్ని నాకు అప్పగించింది. పదకొండు వారాలపాటు ప్రతి మంగళవారం నాలుగింటికి వచ్చి, ఒక గంట నా గదిలో కూర్చునేవాడు.

“ఇంట్లో వాడు నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు సార్. ఏమడిగినా ‘ఊఁ’ అనేవాడు, అంతే. మంగళవారం మాత్రం, ‘ఇవాళ సార్‌తో మాట్లాడాలమ్మా’ అంటూ రెండుసార్లు తల దువ్వుకునేవాడు” అందామె.

“బంగారంలాంటి కుర్రాడమ్మా” అన్నాను.

“మీతో ఏం మాట్లాడేవాడు సార్? ఒక్కటి చెప్పండి చాలు. వాడి మాటలు నా దగ్గర ఏమీ మిగల్లేదు.”

గుర్తుచేసుకోబోయాను. నేను సమ్మె ఆపిన కథ, నలుగురినీ ఒప్పించే ఉపాయాలు, నా అవార్డులు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అతను ఒకసారి నోరు తెరవబోతే, “ముందు ఇది విను” అన్నదీ గుర్తొచ్చింది.

పదకొండు వారాలూ మాట్లాడింది నేనే.

“ఎప్పుడూ మీ గురించేనమ్మా” అన్నాను.

ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. కళ్ళు తుడుచుకుని, ముందుకు వంగింది.

“ఏమనేవాడు సార్? మొత్తం చెప్పండి. నాకేం తొందర లేదు.”