నీళ్ళకి వెళ్ళిన మనిషి

“మీ ఆవిడ నీళ్ళకి వెళ్ళి ఎంతసేపయింది బాబూ?” అడిగాడు ఫారెస్టు గార్డు.

“తెల్లవారగానే వెళ్ళిందండీ. ఇప్పుడు పదకొండు. ఒక్క క్యాను నింపుకురావడానికి ఇంతసేపా?”

డేరా ముందు నిలబడి రొప్పుతున్నాడు భర్త. అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది. అంత ఎత్తులో నాలుగడుగులు గబగబా వేస్తేనే ఊపిరి అందదు.

కొండ నెత్తిన, అడవి మధ్య చదును చేసిన కాస్త జాగా అది. పొయ్యికి మూడు రాళ్ళున్నాయి, అంతే. కుళాయి లేదు, దీపం లేదు, ఫోనుకి సిగ్నల్ లేదు. నీళ్ళు కావాలంటే కింద వాగుకి దిగాల్సిందే. మంచు పడబోతోందని తక్కిన డేరాలన్నీ నిన్ననే ఖాళీ అయ్యాయి. మూడింటికి గేటు మూసేస్తామని వీళ్ళకి చెప్పడానికే గార్డు పైకి వచ్చాడు.

“ఫోను ఉందా ఆవిడ దగ్గర? దిగువన ఒక్కోచోట సిగ్నల్ తగులుతుంది.”

“దాని ఫోను నా దగ్గరే ఉంటుందండీ.”

ఇద్దరూ వాగులోకి దిగారు. గార్డు కర్రతో రాళ్ళు తట్టి చూసుకుంటూ ముందు నడిచాడు. రాళ్ళ మీద మంచు అద్దంలా పేరుకుపోయి ఉంది. భర్త రెండుసార్లు జారాడు. మోకాలు చీరుకుపోయినా చూసుకోలేదు.

“ఏమేవ్! ఏమేవ్!”

లోయ అదే పిలుపుని తిప్పి అతనికే పంపింది.

వాగు మలుపు దగ్గర గార్డు ఆగాడు. రెండు బండల మధ్య ఇరుక్కుని నీలం క్యాను ఊగుతోంది. “ఇదేనా బాబూ?”

భర్త దాన్ని లాక్కుని గుండెకు హత్తుకుని అక్కడే కూలబడ్డాడు. అక్కడికి పదడుగుల అవతల వాగు ఒక్కసారిగా లోయలోకి దూకుతోంది. కింద పొగమంచు తప్ప ఏమీ కనిపించడం లేదు.

“తాడు తెప్పించండి! నేను దిగుతాను!”

“దిగే దారి లేదు బాబూ. మంచు కరిగేదాకా అక్కడికి ఎవరూ పోలేరు.” గార్డు తల దించుకున్నాడు. “ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. అందులో పడి బతికి బయటపడ్డవాళ్ళని చూడలేదు.”

“దానికి ఈత కూడా రాదండీ!”

“కోపం వచ్చి వేరే ఎటైనా వెళ్ళారేమో? మాటా మాటా అనుకున్నారా?”

“మొగుడూ పెళ్ళాలన్నాక అనుకోరా? అయినా ఎటు వెళ్తుంది? నన్నడక్కుండా గుమ్మం దాటదు. వీధి చివరికి కూడా ఒక్కదాన్ని పంపలేదు నేను.”

“పుట్టింటికి?”

“వాళ్ళతో మాటలు ఎప్పుడో మాన్పించేశాను. నేను తప్ప దానికెవరున్నారండీ?” అంటూ పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన లేదు. గార్డు అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకున్నాడు.

రెండు గంటలకి మంచు మొదలైంది. ముందు దూదిపింజల్లా, తర్వాత గుప్పెళ్ళతో చల్లినట్టు. గార్డు డేరా మేకులు పీకుతుంటే భర్త అతని కాలర్ పట్టుకున్నాడు.

“తియ్యొద్దు! అది వస్తే డేరా వెతుక్కుంటుంది!”

“రాదు బాబూ. ఇక్కడే ఉంటే రేపటికి మీరూ ఉండరు. కిందికెళ్ళి స్టేషన్లో చెప్పండి. ఇంకేం చేయగలం?”

కాలర్ మీది చెయ్యి మెల్లగా జారిపోయింది. డేరా మడిచి, గిన్నెలు సర్ది కారులో పెట్టింది గార్డే. ఆమె శాలువా ఒక్కటీ భర్త ఒళ్ళో పెట్టుకున్నాడు. గార్డుని పక్కన ఎక్కించుకుని, దారి పొడుగునా ఒకచేత్తో స్టీరింగు, రెండో చేత్తో శాలువా పట్టుకుని నడిపాడు.

గేటు దగ్గర గార్డు రిజిస్టరు తెరిచాడు. వచ్చినవారు అన్న గడిలో ‘ఇద్దరు’ అని ఉంది. వెళ్ళినవారు అన్న గడి దగ్గర భర్త కలం ఆగిపోయింది. అక్షరం పడలేదు. గార్డు కలం తీసుకుని ‘ఒకరు’ అని తనే రాశాడు. భర్త కింద సంతకం గీకి, ఎవరి వంకా చూడకుండా కారెక్కాడు.

కారు మలుపు తిరిగింది. ఇంజను చప్పుడు కూడా అణగిపోయేదాకా గార్డు మంచులో అలాగే నిలబడ్డాడు. తర్వాత గేటుకి తాళం వేసి, తన గది వెనక ఉన్న కట్టెల కొట్టం దగ్గరికి నడిచి, తలుపు మీద మెల్లగా తట్టాడు.

“వెళ్ళిపోయాడు, ఇక బయటికి రా తల్లీ. నువ్వు చచ్చిపోయావని నమ్మాడు.”