ఎవరూ ఎత్తుకుపోని జోజప్ప

"మళ్ళీ మీ జోజప్పనే ఎత్తుకెళ్ళారటగా?" నీళ్ళకొచ్చిన పక్కింటి నిల్జా చేతిలోంచి డబ్బా అందుకుంటూ అడిగింది జసీరా.

"అవునక్కా. మూడు కరువుల్లోనూ మావాణ్ణే," అంది నిల్జా, కూతురికి సంబంధం కుదిరినంత సంబరంగా.

బ్రెజిల్‌లోని కరువు సీమ సెర్తావ్‌లో వాన మొహం చాటేస్తే ఇరుగుపొరుగు ఇళ్ళలోంచి ఏసును పెంచిన తండ్రి పునీత జోజప్ప బొమ్మను, ఇల్లు చేరాలంటే వాన కురిపించమని దొంగిలిస్తారు. వాన కురిశాకే ఊరేగింపుగా తెచ్చి అప్పగిస్తారు. జసీరా తన జోజప్పకు కొత్త రంగు వేయించి కిటికీలో నిలబెట్టినా ఒక్క దొంగా తొంగిచూడలేదు.

"మావాడికేం తక్కువే? మీవాడికి ముక్కు కూడా లేదు."

"తక్కువని కాదక్కా. ఊళ్ళో నీ తొట్టిలోనే నీళ్ళు మిగిలాయి. గిన్నెలు కడిగిన నీళ్ళతో మేకల్ని సాకి, దాచిందంతా మాకు పోస్తున్నావు. నీ నీళ్ళు తాగుతూ నీ ఇంట్లో దొంగతనమంటే ఎవరికీ చేతులు రావట్లేదు."

జసీరా డబ్బాను అంచుదాకా నింపి నిల్జా ముందు పెట్టింది.

"ఇవాళ నీకు నీళ్ళు పొయ్యలేదనుకో," అని, కళ్ళు మూసుకుని, కిటికీలోని జోజప్పకు వీపు తిప్పి నిలబడింది.